వెలుగు చాలనప్పుడు

మా ఇంటి ముందుగదిలో, గోడగడియారం పక్కన, నాన్నగారి ఛాయాచిత్రం ఒకటి ఉంది. 2016లో ఆయన పోయినప్పుడు పదోరోజు నాటికి పటం కట్టించవలసి వచ్చి ఇల్లంతా వెతికితే దొరికింది అదొక్కటే. ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫోటో అది. అందులోంచి ఆయన ముఖాన్ని కత్తిరించి, పెద్దది చేయించి, చట్రం బిగించారు. జాగ్రత్తగా చూస్తే ఎడమ అంచున మరెవరిదో భుజం కనిపిస్తుంది. ఫ్లాష్ వెలుగు నేరుగా పడడం వల్ల నుదురు తెల్లని మరకలా మెరుస్తుంది. కళ్ళు ఎవరో తరుముకొస్తున్నట్లు బెదిరి ఉంటాయి. నాన్నగారు దేనికీ బెదిరే మనిషి కారు. అమ్మ రోజూ ఆ పటానికి పూలు పెడుతుంది. ఏ పదిహేను రోజులకో ఒకసారి, పూలు సవరిస్తూ, "ఆయన ఇలా ఉండేవారు కాదే" అంటుంది.

గత సంవత్సరం దసరాకు తెనాలి దగ్గరున్న మా ఊరు వెళ్ళినప్పుడు, ఆమె ఆ మాటకు మరొకటి చేర్చింది. "నాదీ ఇలాగే చేస్తారు కాబోలు. నా ఫోటోలన్నిట్లోనూ కళ్ళు మూసుకునే ఉంటాను."

నవ్వుతూనే అన్నది. కాని ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆ మాట నవ్వి వదిలేయదగినది కాదని నాకు అనిపించింది. ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ముందు వేసుకుని చూశాను. ఆమె చెప్పింది నిజం. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాలలో, మనుమల పుట్టినరోజులలో, ప్రతి చోటా అమ్మ కళ్ళు మూసుకునే ఉన్నది. ఫ్లాష్ మెరిసిందంటే ఆమె రెప్ప వాలుతుంది. ఇప్పటి కెమేరాలు, ఎంత వెలుగు అవసరమో కొలుచుకోవడానికి, అసలు మెరుపుకు లిప్తకాలం ముందు ఒక చిన్న మెరుపును పంపుతాయి. కొందరి రెప్పలు ఆ తొలి మెరుపుకే వాలిపోతాయి. అసలు చిత్రం పడే వేళకు కళ్ళు మూతపడి ఉంటాయి. తప్పు అమ్మది కాదన్నమాట.

మరి అమ్మ ముఖం ఏ వెలుగులో అమ్మ ముఖంగా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు కోసం నేను ఎక్కువ ఆలోచించనక్కరలేదు. సాయంకాలం దేవుడి గూటి ముందు ఇత్తడి కుందిలో నువ్వులనూనె పోసి రెండు వత్తులు వెలిగించి, ఆ దీపం పక్కనే పీట వేసుకుని కూర్చుని పత్తితో వత్తులు చేసుకుంటుంది ఆమె. కార్తిక పౌర్ణమినాడు వెలిగించే 365 వత్తులూ అలా దసరా నుంచి రోజుకు కొన్నిగా తయారవుతాయి. నా చిన్నతనం నుంచి నా మనసులో ఉన్న అమ్మ ముఖం ఆ దీపం పక్కన ఉన్నదే.

మొదట చేతిలో ఉన్న ఫోనుతోనే ప్రయత్నించాను. ఫోను చాలా తెలివైనది. వరుసగా అనేక చిత్రాలు తీసి, వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, చీకటిని దాదాపు పగలుగా మార్చింది. ఆ క్రమంలో అమ్మ నుదుటిమీది ముడతలను కూడా నున్నగా ఇస్త్రీ చేసింది. అమ్మ చూసి, "ఎవరే ఈవిడ?" అన్నది.

అప్పుడు కొన్నాను కెమేరా. హైదరాబాదులో, ఒకరు వాడి వదిలేసిన డి.ఎస్.ఎల్.ఆర్. ఇప్పుడు తయారీదారుల దృష్టి అద్దంలేని కొత్తరకం కెమేరాలమీదికి మళ్ళింది గనుక, పాతవి చవకగా దొరుకుతున్నాయి. ఈ యంత్రం నిర్మాణం ముచ్చటైనది. లెన్స్‌లోనుంచి వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న ఒక అద్దంమీద పడి, పైకి మళ్ళి, మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెనుక తెర తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్‌మీద పడుతుంది. అంటే చిత్రం ఏర్పడే ఆ క్షణంలో మాత్రం తీసేవారి కంటికి చీకటే. మిగతా అన్ని క్షణాలనూ చూస్తాము, ఆ ఒక్కదాన్నీ చూడలేము. నలభై దాటిన తరువాత, ఆంగ్ల సాహిత్యం తప్ప మరొకటి చదవని నేను, భౌతికశాస్త్రాన్ని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది.

నేర్చుకోవలసినవి మూడే మూడు. లెన్స్‌లోని రంధ్రం ఎంత విశాలంగా తెరవాలి, షట్టర్‌ను ఎంతసేపు తెరిచి ఉంచాలి, సెన్సర్ అందించే సంకేతాన్ని ఎంత హెచ్చించాలి. మొదటిది అపెర్చర్, మూడవది ఐ.ఎస్.ఓ. పగటివేళ ఈ మూడింటినీ కెమేరాకు వదిలేసినా నష్టం లేదు. వెలుగు సమృద్ధిగా ఉన్నప్పుడు అన్నీ సర్దుకుంటాయి. వెలుగు చాలనప్పుడు మాత్రం, చాలీచాలని జీతంతో సంసారం నడిపే ఇల్లాలి పరిస్థితి మనది. ఒకచోట మిగిల్చినది మరొకచోట పోతుంది. దేన్ని వదులుకోవాలో మనమే నిర్ణయించుకోవాలి.

మొదటి శనివారం సాయంత్రం, గదిలోని ట్యూబులైటు ఆర్పేశాను. "చీకట్లో కూర్చోబెట్టి ఫోటో ఏమిటే?" అన్నది అమ్మ. కెమేరాతో వచ్చిన లెన్స్‌ను దగ్గరికి లాక్కుని చూస్తే దాని రంధ్రం ఎఫ్ 5.6కు మించి తెరుచుకోదు. ఐ.ఎస్.ఓ.ను 3200కు పెంచినా షట్టర్ అర సెకను తెరిచి ఉంచవలసి వచ్చింది. అర సెకను చాలా తక్కువ కాలమని అంతవరకు నేననుకునేదాన్ని. నా చేతులు ఆ కొద్దిసేపూ నిలకడగా లేవు. వచ్చిన చిత్రంలో అమ్మ లేదు, పసుపు రంగు పొగ ఉన్నది.

పక్కింటి అబ్బాయిని అడిగి ముక్కాలిపీట లాంటి స్టాండు, అదే ట్రైపాడ్, తెచ్చుకున్నాను. అద్దం లేచేటప్పటి అదురు కూడా చిత్రాన్ని చెడగొట్టగలదని చదివి, వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు పెట్టి, అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే ఏర్పాటు చేశాను. ఈసారి దేవుడి గూడు, కుంది, గోడమీది పగులు, అన్నీ స్పష్టంగా వచ్చాయి. అమ్మ మాత్రం రాలేదు. ట్రైపాడ్ కెమేరాను కదలకుండా పట్టుకోగలదు గాని, ఎదుటి మనిషిని పట్టుకోలేదు. ఊపిరి తీసే మనిషి అర సెకనులో కదులుతుంది. పైగా అమ్మ చేతులకు ఈ మధ్య కొంచెం వణుకు వచ్చింది. ఆ సంగతి నాకు ముందు తెలియదు. మామూలుగా చూసేటప్పుడు కనిపించని వణుకును అర సెకను పట్టి చూపింది. చిత్రాన్ని చాలాసేపు చూసి, ఆమెకు చూపకుండా చెరిపేశాను.

తరువాతి వారానికి మరొక లెన్స్ తెచ్చుకున్నాను. 50 మిల్లీమీటర్లది. దాని రంధ్రం ఎఫ్ 1.8 వరకు తెరుచుకుంటుంది. ఈ అంకెల లెక్క తిరకాసుగా ఉంటుంది. అంకె తగ్గినకొద్దీ రంధ్రం పెద్దది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దాదాపు పది రెట్ల వెలుగును లోపలికి రానిస్తుంది. అర సెకను కాస్తా సెకనులో ఇరవయ్యవ వంతుకు దిగింది. ఎంత సంతోషించానో చెప్పలేను. కాని వెలుగును ఉదారంగా రానిచ్చే లెన్స్ మరొక విషయంలో పిసినారి. అయిదడుగుల దూరంలో కూర్చున్న మనిషి ముఖంలో, ముందు వెనుకలుగా సుమారు రెండున్నర అంగుళాల మేరకే అది స్పష్టంగా చూపగలదు. అమ్మ వత్తి అందుకోవడానికి కాస్త ముందుకు వంగితే కళ్ళు మసకబారి చెవులు స్పష్టమవుతాయి.

ఇది నావంటి నేర్చుకునేవారి కష్టమే కాదు. థాకరే నవల ఆధారంగా స్టాన్లీ కూబ్రిక్ 1975లో తీసిన బారీ లిండన్ చిత్రంలో కొన్ని సన్నివేశాలను కొవ్వొత్తుల వెలుగులోనే చిత్రించారు. అందుకోసం, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసమని జర్మనీకి చెందిన జైస్ సంస్థ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల లెన్స్‌ను సినిమా కెమేరాకు అమర్చుకున్నారు. దాని రంధ్రం ఎఫ్ 0.7. నా లెన్స్ కంటె ఆరు రెట్లకు పైగా వెలుగును తీసుకోగలదు. ఆ మహత్తర సాధనం ఉండి కూడా, స్పష్టత ఉండే మేర మరీ కొద్దిది కావడం వల్ల, నటులు ఎటూ ఎక్కువ కదలకుండా కూర్చోవలసి వచ్చింది. ఇది చదివిన తరువాత నేను అమ్మ పీటను గోడకు ఆనించి వేశాను. వీపుకు గోడ ఆసరా దొరకగానే ఆమె ముందుకూ వెనక్కూ ఊగడం తగ్గింది. "ఇదేదో మొదటే చేయకపోయావా, నడుము నొప్పి తగ్గేది" అన్నది.

చీకట్లో కెమేరా కన్ను గుడ్డిది. దానంతట అది గురి కుదుర్చుకోబోతే, లెన్స్ గిరగిర ముందుకూ వెనక్కూ తిరిగి, ఏదీ దొరకక ఊరుకుంటుంది. వెలుగునీడలు కలిసే అంచు ఒకటి దానికి కావాలి. అందుచేత నేను వెనుకవైపు తెరమీద అమ్మ కంటిని పదింతలు పెద్దది చేసి చూస్తూ, కంటిలో మెరిసే దీపపు చుక్క సన్నబడే దాకా చేత్తో మెల్లగా లెన్స్‌ను తిప్పడం నేర్చుకున్నాను. అమ్మ కంటిని అంత దగ్గరగా అంతసేపు నేను ఎన్నడూ చూడలేదు.

వెలుగును కొలిచే పనిలోనూ కెమేరాకు ఒక మూఢనమ్మకం ఉంది. లోకమంతా సగటున మధ్యరకం బూడిదరంగులో ఉంటుందని దాని నమ్మకం. చీకటి గోడలు ఎక్కువగా ఉన్న గదిని చూపితే, ఇంత చీకటి ఉండకూడదని తలచి చిత్రాన్ని తెల్లబరుస్తుంది. దీపం సున్నపు ముద్ద అవుతుంది. దీపాన్ని మాత్రమే చూపితే, ఇంత వెలుగు ఉండకూడదని తలచి మనిషిని నల్లగా ముంచుతుంది. దానికి చూపవలసినది దీపమూ కాదు, గోడా కాదు. మనకు కావలసిన ముఖం. అమ్మ చెంపమీద వెలుగును కొలిచి, ఆ కొలత ప్రకారం అన్నిటినీ నేనే అమర్చడం మొదలుపెట్టాను. రంగు విషయంలోనూ అంతే. యంత్రానికి వదిలేస్తే దీపపు పసుపుదనాన్ని దోషంగా భావించి చాలావరకు కడిగేస్తుంది. మామూలు విద్యుద్దీపాలకు వాడే అమరికలో పెడితే బంగారు ఛాయ నిలిచింది.

ఇక మిగిలింది గరుకుదనం. ఐ.ఎస్.ఓ. పెంచితే చిత్రమంతా ఇసుక చల్లినట్లవుతుంది. నాన్నగారు షార్ట్‌వేవ్ రేడియోలో దూరదేశపు వార్తలు వినేవారు. స్టేషను అందక శబ్దం పెంచితే గొంతుతోపాటు గురగుర కూడా పెరిగేది. ఇదీ అటువంటిదే. అయితే ఆ ఇసుకలో చాలా భాగం యంత్రం దోషం కాదని తరువాత తెలిసింది. వెలుగు ధారగా గాక చినుకులుగా వస్తుంది. వాన మొదలైనప్పుడు వాకిట్లో తొలి చినుకులు చూడండి. ఒకచోట మూడు పడతాయి, ఒకచోట ఒకటీ పడదు. వాన బాగా కురిస్తే వాకిలంతా ఒకే తీరున తడుస్తుంది. వెలుగు తక్కువైనప్పుడు సెన్సర్‌మీద పడేవి ఆ తొలి చినుకులే. చిత్రంలోని ఆ గరుకుదనం చీకటి సహజగుణం. దానికి భయపడి చిత్రాన్ని నల్లగా తీసి, తరువాత కంప్యూటరులో వెలిగించబోతే గరుకు మరింత పెరుగుతుంది. ఉన్న గరుకును ఒప్పుకుని, తీసేటప్పుడే ముఖానికి తగినంత వెలుగు ఇవ్వడం మేలు.

ఈ మాట నా వృత్తికి కూడా వర్తిస్తుందని అప్పుడు తోచింది. అనువాదం మొదలుపెట్టిన రోజుల్లో, మూలంలో ఎక్కడైనా మసక కనిపిస్తే నాకు ఊపిరి ఆడేది కాదు. పాఠకుడికి అర్థం కాదేమోనని ఒక వాక్యం నా సొంతది చేర్చేదాన్ని. ఒక పెద్దాయన, సంపాదకుడు, నా రాతప్రతిలో అటువంటి వాక్యాలన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేసి పంపారు. కారణం రాయలేదు. మూలం పక్కన పెట్టుకుని చూస్తే కారణం తెలిసింది. రచయిత కావాలని నీడలో ఉంచిన పాత్రల ముఖాలమీద నేను ఫ్లాష్ వేశాను.

నాలుగో వారం వచ్చింది. పౌర్ణమి ఇక మూడు రోజులు. సెకనులో ఇరవయ్యవ వంతు అమ్మ ముఖానికి ఇంకా చాలడం లేదు. పది చిత్రాలు తీస్తే ఒకటి నిలుస్తున్నది, అందులోనూ పెదవి కదిలి ఉంటున్నది. నా చికాకు చూసి అమ్మ, "దీపం దగ్గరికి జరుపుకోరాదూ?" అన్నది. "మేము చదువుకునే రోజుల్లో అక్షరం కనబడకపోతే లాంతరు దగ్గరికి లాక్కునేవాళ్ళం. అంతేగాని లాంతరును తిట్టేవాళ్ళం కాదు."

నెల రోజులుగా అంకెలతో కుస్తీ పడుతున్న నాకు ఆ మాట తట్టనే లేదు. రెండడుగుల దూరంలో ఉన్న కుందిని అడుగు దూరానికి జరిపాను. చిన్న దీపం దూరాన్ని సగం చేస్తే దాని వెలుగు నాలుగింతలవుతుంది. రంధ్రాన్ని ఎఫ్ 2కు కాస్త తగ్గించినా షట్టర్ సెకనులో అరవయ్యవ వంతుకు వచ్చింది. ముఖం నిలిచింది.

కాని దీపం దగ్గరయ్యేసరికి ఎడమ చెంప వెలిగి, కుడివైపు పూర్తిగా చీకటిలో పడింది. అప్పుడు సత్యజిత్ రాయ్ చిత్రాల ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర గుర్తుకువచ్చారు. 1956లో వచ్చిన అపరాజితో కోసం కాశీలోని ఇంటి ముంగిలిని సెట్టుగా వేసినప్పుడు, పైన తెల్లని గుడ్డ పరిచి, దీపాలను దానివైపు తిప్పి, గుడ్డమీద నుంచి తిరిగివచ్చే మెత్తని వెలుగుతో ఆయన ఆ దృశ్యాలను చిత్రించారు. చూసేవారికి అది ఆకాశపు వెలుగే అనిపిస్తుంది. ఆ యుక్తి నాకూ పనికివస్తుందనిపించి, "అమ్మా, తెల్లటి దుప్పటి ఏదైనా ఉందా?" అన్నాను.

దుప్పట్లన్నీ పూలవే. అమ్మ లేచి బీరువా తెరిచి, అడుగు అరలోంచి నాన్నగారి పంచె తీసింది. ఎనిమిదేళ్ళ మడత. కుర్చీ వీపుమీద దాన్ని ఆరేసి, ఆమె కుడివైపున దగ్గరగా పెట్టాను.

"ఇదెందుకు?" అన్నది.

"దీపం వెలుగు దీనిమీద పడి, నీ ముఖం మీదికి తిరిగి వస్తుంది."

అమ్మ ఏమీ అనలేదు. చేయి చాచి పంచెమీది మడతను ఒకసారి సరిచేసి, మళ్ళీ పత్తి అందుకున్నది. చీకటిలో ఉన్న చెంపమీదికి, కనిపించీ కనిపించనంత వెలుగు వచ్చింది. కెమేరా లేకపోతే దాన్ని నేను గమనించేదాన్ని కాదేమో. నేను మీట నొక్కాను. ఎప్పటివలెనే ఆ క్షణం నాకు కనబడలేదు.

ఆ సాయంత్రం తీసిన నలభై చిత్రాలలో నాలుగు బాగున్నాయి. ఒకటి మరీ బాగుంది. అమ్మ కళ్ళు తెరిచి, చేతిలోని వత్తివైపు చూస్తున్నది. నుదుటి ముడతలు ఉన్నాయి. చీకటి ఉన్నచోట ఇసుక ఉంది. వేళ్ళు మాత్రం అరవయ్యవ వంతులోనూ నిలవలేదు. వత్తి మెలివేస్తున్న చోట కొంచెం చెదిరి ఉన్నాయి. అది వణుకో, వత్తి చేసే వేగమో చెప్పలేను. దాన్ని సవరించబుద్ధి కాలేదు.

అచ్చు వేయించి పౌర్ణమినాటికి పట్టుకువెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని, ముందుగదిలో నాన్నగారి పటం కింద నిలబడి, అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నేనే" అన్నది. కొంతసేపాగి, "ఆయనకూ ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండేది" అన్నది.

దాన్ని కాగితంలో జాగ్రత్తగా చుట్టి, బీరువా అడుగు అరలో, పంచె మడతలో పెట్టింది. తలుపు వేస్తూ నావైపు తిరిగి, "గోడకు మాత్రం ఇప్పుడే కాదు సుమా. తొందరేముంది?" అంటూ వత్తుల పళ్ళెం తీసుకుని తులసికోట దగ్గరికి వెళ్ళింది.